దంపతులును ఋణవిమోచనమును

ఋణమును గూర్చి మాటలాడునప్పుడు దానిని పురుషుని వ్యవహారముగాను, మితవ్యయమును గూర్చి మాటలాడునప్పుడు దానిని స్త్రీధర్మముగాను ఎంచుట మనవారికి వాడుకయై యున్నది. అప్పుపత్రముపై సంతకము చేయువాడు భర్త. ఆ యప్పు తీరుటకై పాలు తగ్గించి, నూనె తగ్గించి, తన మందును వచ్చు నెలకు వాయిదా వేయునది భార్య. పెక్కు కుటుంబములలో ఋణము తీరకుండుటకు ఈ విభాగమే మూలకారణమని యీ వ్యాసమున చూపదలచితిని. మితవ్యయము వలన ఋణము తీరుననుట సత్యమే. కాని ఋణము యొక్క పూర్తి లెక్క యెవరికి తెలియునో వారు మాత్రమే ఖర్చును తగ్గింపవలసిన చోట తగ్గింపగలరు. లెక్క యొకరియొద్దను, పొదుపు మఱియొకరియొద్దను ఉన్నంతకాలము ఆ పొదుపు చీకటిలో రాయి విసరుట వంటిది.

ఉదాహరణమునకు దూరము పోనక్కఱలేదు. హైదరాబాదునకు తూర్పున, ఉప్పలు దాటి వరంగల్లునకు పోవు బాటకు చేరువనున్న బోడుప్పలును చూడుడు. ఒకనాడు పొలముల నడుమ నుండిన గ్రామము పురపాలక సంఘమై, 2019లో నగరపాలక సంస్థ హోదాను పడసినది. ఉప్పలు, నాచారము పారిశ్రామికవాడలలో పనిచేయువారును, చిన్న యుద్యోగులును, బడి పంతుళ్లును, దుకాణదారులును అద్దె తక్కువయని కొందఱు, సొంత యిల్లు కట్టుకొనవచ్చునని కొందఱు వచ్చి యిచ్చట చేరిరి. 2017 నవంబరులో నాగోలు నుండి ఉప్పలు మీదుగా అమీరుపేట వఱకు మెట్రో రైలు నడచుటతో నగరము మఱింత దగ్గఱయైనది. స్థలముల ధరలతో పాటు ఆశలును పెరిగినవి. ఆశ పెరిగినచోట అప్పు పెరుగుట లోకసహజము. ఇంటిస్థలమునకు బ్యాంకు ఋణము, అది చాలక తెలిసినవారియొద్ద ప్రోనోటుపై మఱికొంత, ఆ నోటుపై వడ్డీ కట్టుటకు నగల తాకట్టు, పిల్లల బడి ఫీజునకు చీటీపాట, చీటీ వాయిదాకు క్రెడిట్ కార్డు, ఇట్లొక యప్పు మఱియొక యప్పును కనుచు పోవును.

వీటిలో నేది యెంత బరువైనదో తెలిసికొనుటకు మన వాడుక మాటయే యడ్డు తగులుచున్నది. "రెండు రూపాయల వడ్డీ" యనిన వినుటకు స్వల్పముగానే తోచును. నూటికి నెలకు రెండు రూపాయలనగా సంవత్సరమునకు నూటికి 24 రూపాయలు. కార్డు బాకీపై నెలకు మూడున్నర చొప్పున వేసినచో సంవత్సరమునకు 42. వడ్డీపై వడ్డీ చేరినచో 51. చీటీపాటలో తగ్గించి పాడుకొన్న మొత్తమునకు వడ్డీ యను పేరు లేదు గాని, అదియు వడ్డీయే. దానిపై చీటీ నడపువాని కమీషను వేఱుగా గలదు. 1982 నాటి చీటీల చట్టము దానిని నూటికి 5కు పరిమితము చేయగా, 2019లో ఆ పరిమితి 7కు పెంపబడినది. కావున దంపతులు మొట్టమొదట చేయవలసిన పని రూపాయల మాటలను విడిచి, ప్రతి బాకీకిని సాలుసరి వడ్డీయెంతయో, నెలకు నిక్కముగా పోవు సొమ్మెంతయో యొక కాగితముపై వ్రాసికొనుట.

ఒక దంపతులను ఊహింతము. వారు బోడుప్పలున అద్దె యింట నున్నారు. భర్త నాచారమున కర్మాగారమున పనిచేసి 26,000 రూపాయలును, భార్య ఉప్పలులో నొక బడిలో పాఠములు చెప్పి 12,000 రూపాయలును తెచ్చుచున్నారు, వెరసి 38,000. అప్పులు మూడు: ప్రోనోటు బాకీ 2,00,000, వడ్డీ రెండు రూపాయలు, నగల తాకట్టు 1,00,000, వడ్డీ రూపాయి, కార్డు బాకీ 40,000, వడ్డీ మూడున్నర. నెలకు వడ్డీ మాత్రమే వరుసగా 4,000, 1,000, 1,400, మొత్తము 6,400. అనగా వారు పనిచేసినను, పండుకొన్నను, పండుగ చేసికొన్నను దినమునకు 213 రూపాయలు ఆ యింటినుండి వెడలిపోవుచున్నవి.

ఈ 6,400 మాత్రమే కట్టుచు పోయినచో ముప్పదియేడు నెలలలో 2,36,800 రూపాయలు చెల్లించియు, 3,40,000 అప్పు దమ్మిడీయైనను తగ్గక యట్లే నిలిచియుండును. వారు కొత్త యప్పు చేయక, ఖర్చులలో నెలకు 6,000 మిగిల్చి, మొత్తము 12,400 తప్పక కట్టిరేని, కార్డు బాకీ యేడవ నెలలోను, ప్రోనోటు ఇరువదియెనిమిదవ నెలలోను, తాకట్టు ముప్పదియేడవ నెలలోను తీరును. వడ్డీ క్రింద పోవునది లక్షా పదివేలకు కొంచెము మించును. ఒక దారిలో మూడేండ్ల కష్టమునకు ఫలము శూన్యము. రెండవ దారిలో అదే మూడేండ్లకు విముక్తి. ఆ రెంటి నడుమ నున్నది నెలకు 6,000 రూపాయలు.

ఏ బాకీ ముందు తీర్పవలయునన్నది చిన్న ప్రశ్న కాదు. ఈ 6,000 కార్డునకు కట్టిన మఱుసటి నెలనుండి వడ్డీ 210 తగ్గును; ప్రోనోటునకు కట్టిన 120; తాకట్టునకు కట్టిన 60. అయినను మనవారు చేయునది దీనికి విరుద్ధము. ఎవడు వాకిట నిలిచి గట్టిగా కేక వేయునో వానికి ముందు కట్టుదురు. కార్డు బ్యాంకు వీథిలోనికి వచ్చి పరువు తీయదు గనుక దానిని చివరకు వదలుదురు. భయమును బట్టి గాక లెక్కను బట్టి కట్టుటకు ఇద్దఱును ఆ కాగితమును చూచియుండవలయును. భర్తకు మాత్రమే తెలిసిన ఋణము భయమును బట్టియే కట్టబడును, ఏలయన దాచవలసిన వానికి కేకయే ప్రథమశత్రువు.

ఇక ఆ 6,000 ఎచ్చటినుండి వచ్చును? ఇంటి యద్దె తగ్గదు. బియ్యము, పప్పు తగ్గింపరాదు. మన యూహాదంపతుల లెక్క యిట్లున్నదనుకొందము. భర్త బయట త్రాగు టీలు, సిగరెట్లు దినమునకు 60 చొప్పున ఇరువదియాఱు పనిదినములకు 1,560. ఆదివారములలో సెల్‌ఫోను ద్వారా తెప్పించుకొను బిరియాని మొదలైనవి 1,400. భార్య బడికి పోవు ఆటో దినమునకు 40 చొప్పున ఇరువదియైదు దినములకు 1,000. కూరగాయలు గుమ్మమువద్దకు తెప్పించుట మాని, వారపు అంగడిలో సాయంకాలము కొనుటవలన 500. పెండ్లిండ్లలో, పుట్టిన దినములలో చదివింపులకై పోవు సొమ్ములో 1,000. చూడని చిత్రములకును వినని పాటలకును నెలనెలా తమంతట తామే కోతపడు చందాలు 540. కూడిన సరిగా 6,000 అగును. ఆటో ఖర్చును గూర్చి యొక మాట: 2023 డిసెంబరు 9 మొదలుకొని తెలంగాణములో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, నగరపు ఆర్డినరీ బస్సులలో టిక్కెట్టు లేని ప్రయాణము కల్పింపబడినది. దానిని దయగా గాక యొక చిన్న వేతనవృద్ధిగా లెక్కలో వ్రాసికొనిన యిల్లాలే బుద్ధిమంతురాలు. అయితే బస్సునకై నిలుచున్న అరగంట ఆమెదే యనుటను భర్త మఱువరాదు. ఆ యరగంటకు బదులు వంటయింటి పనిలో నొక పాలు ఆయన తీసికొనుట న్యాయము.

ఈ పట్టికలో మొదటి రెండంశములు అధికముగా పురుషుని యలవాట్లు. ఇది యాదృచ్ఛికము కాదు. గృహములో చిల్లరగా, లెక్క లేకుండ పోవు సొమ్ము ఎవరి చేతిమీదుగా పోవునో వెదకినచో తఱచుగా నీ ఫలితమే కనబడును. సారాయి విషయమున మన తెలుగుదేశమే యిందుకు గొప్ప సాక్ష్యము నిచ్చినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాదుకాణమును మూయించిరి. ఆ యుద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారాయి నిషేధింపబడినది. దాని వెంట నదే జిల్లాలో "పొదుపులక్ష్మి" సంఘములు బయలుదేఱినవి. దినమునకొక రూపాయి చొప్పున స్త్రీలు దాచిరి. ఆ రూపాయి ఆకాశమునుండి పడినది కాదు. నిన్నటివఱకు సారాదుకాణములో పడుచుండినదే. పొదుపు అనగా సొమ్మును సృష్టించుట కాదు, దాని దారిని మార్చుట యని చదువురాని ఆ స్త్రీలు గ్రహించినంత స్పష్టముగా మన పట్టభద్రులు గ్రహించుట లేదు.

తగ్గింపరానివి కొన్ని గలవు. పిల్లల పాలు, ఇంటిలో నెవరికైన నిత్యముగా వాడవలసిన మందు, బడి, ఆరోగ్యభీమా. వీనిని తగ్గించి అప్పు కట్టుట పొదుపు కాదు. దేహముపై అప్పు చేయుట. మఱియు ఇంట కొంచెము నిలువ లేనివాని ఋణప్రణాళిక యొక్క జ్వరముతో కూలిపోవును. మొదటి రెండు నెలల మిగులు 12,000 అప్పునకు కట్టక నిలువ యుంచినచో, పైన చెప్పిన గడువు రెండు నెలలు పెరుగును. అయినను నేను దానినే మేలందును. నిలువ లేనివాడు ఆపదలో ఎచ్చటికి పోవునో మనము చూచితిమి. 2020 డిసెంబరులో హైదరాబాదున సెల్‌ఫోను అప్పుల యాప్‌ల వేధింపులచే కొందఱు ప్రాణములు తీసికొనగా పోలీసులు పెక్కుమందిని పట్టుకొనిరి. 2021లో రిజర్వు బ్యాంకు నియమించిన బృందము సుమారు 1,100 యాప్‌లను పరిశీలించి, వానిలో 600 వఱకు చట్టవిరుద్ధములని తేల్చినది. పాత యప్పు తీర్చుటకు ఐదు నిమిషములలో దొరకు కొత్త యప్పు, మునుగుచున్నవానికి అందించిన రాతిగుండు వంటిది.

నగల సంగతి విడిగా చెప్పవలయును. రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన యప్పును, రూపాయి వడ్డీకి నగలు తాకట్టు పెట్టి తీర్చినచో లక్షకు సాలునకు 12,000 మిగులునని లెక్క చెప్పును. లెక్క సరియే. కాని నగలు ఎవరివి? యాజ్ఞవల్క్యస్మృతి దుర్భిక్షము, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము అను నాలుగు సందర్భములలో భర్త స్త్రీధనమును గైకొనినచో తిరిగి యీయనక్కఱలేదన్నది. స్థలముపై ఆశపడి చేసిన బాకీ యీ నాలుగింటిలో లేదు. 1956 హిందూ వారసత్వచట్టము 14వ సెక్షను స్త్రీ యాస్తిపై ఆమెకు సంపూర్ణ స్వామ్యము నిచ్చినది. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్త్రీధనమునకు భర్త సహస్వామి కాడనియు, అది యతనియొద్ద నమ్మకముగా నుంచబడినదే యనియు తీర్పు చెప్పినది. కావున అడుగక తీసికొనరాదు. అడిగి, ఆమె సమ్మతించి యిచ్చినచో, కుటుంబపు లెక్కపుస్తకములో భార్య పేర నొక ఖాతా తెఱచి, "ఇన్ని తులములు, ఫలానా తేదీన" అని వ్రాసి భర్త సంతకము చేయవలయును. దీనిని విని నవ్వువారుందురు. భార్యాభర్తల నడుమ పత్రములేమిటని యడుగుదురు. పొరుగువానికి ప్రోనోటు వ్రాసి యిచ్చునప్పుడు వారికీ సందేహము రాలేదు.

సంపన్నుల యింటి దృష్టాంత మొకటి యిచ్చట పనికివచ్చును. 1846లో లండనులో ద్వారకానాథ ఠాకూరు మరణించిన పిదప, 1848లో ఆయన స్థాపించిన కార్ ఠాకూరు కంపెనీ దివాలా తీసినది. కొన్ని భూములను ద్వారకానాథుడు ముందుగనే ట్రస్టుగా వ్రాసియుండుటచే ఋణదాతలు వానిని ముట్టుటకు చట్టమున వీలు లేదు. కుమారుడైన దేవేంద్రనాథుడు ఆ కవచమును తానే విప్పి, ట్రస్టు భూములను గూడ ఋణదాతల యెదుట నుంచెను. వారు మెత్తబడి, ఆస్తి నమ్మివేయక, క్రమముగా తీర్చుటకు గడువిచ్చిరి. సేవకులను, బండ్లను, భోజనపు టాడంబరమును తగ్గించి ఏండ్లతరబడి ఆ ఋణము తీర్పబడినది. జమీందారుని మితవ్యయము గుమాస్తా యింటికి మేలుబంతి కాజాలదు. ఆయన విడిచినవి మనకు మొదటినుండియు లేవు. అయినను ఇందు గ్రహింపవలసిన దొకటి గలదు. గడువు దొరకినది వేడికోలు వలన కాదు. ఆస్తియు నప్పును దాచక యొకే పట్టికలో చూపుట వలన. ప్రోనోటు దాతయొద్దకు దంపతు లిద్దఱును ఆ కాగితముతో పోయి, "ఇది మా ఆదాయము, ఇది మా బాకీ, నెలకింత తప్పక కట్టగలము" అని చెప్పినచో, రెండు రూపాయల వడ్డీ రూపాయిన్నరకు దిగుట మా వృత్తిలో పలుమాఱు చూచినదే. ఈ కథను చెప్పువారు ఆ మహాగృహమున వంటను తగ్గించి దినములు నడిపిన స్త్రీల మాట మాత్రము ఎత్తరు.

చట్టమును గూర్చి దంపతులకు తెలిసియుండవలసిన వానిలో ముఖ్యమైనవి చెప్పెదను. భర్త చేసిన ఋణమునకు భార్య, తాను సంతకము చేయనిచో, బాధ్యురాలు కాదు. అతని యనంతరము ఆమెకు వచ్చిన అతని యాస్తి మేరకే ఆ బాధ్యత. హామీదారుగా సంతకము చేసినచో ఋణగ్రస్తునితో సమానమైన బాధ్యత యామెపై పడును. కావున "ఊరక నొక సంతకము" అను మాటను నమ్మరాదు. తండ్రి యప్పు తీర్చుట పుత్రుని పుణ్యధర్మమను పూర్వనియమమును 2005 నాటి సవరణ తొలగించినది. ఆ తరువాతి ఋణములకు అది వర్తింపదు. ఖాళీ ప్రోనోటుపై సంతకము చేసి యిచ్చినచో, దానిని నింపుకొను అధికారమును ఇచ్చినట్లే యగునని 1881 నాటి చట్టము 20వ సెక్షను చెప్పుచున్నది. ఖాళీ చెక్కు అంతకంటె అపాయకరము. అది చెల్లక తిరిగి వచ్చినచో 138వ సెక్షను క్రింద నేరము, రెండేండ్ల వఱకు చెఱసాల. వడ్డీ యిచ్చిన ప్రతిసారియు నోటు వెనుక చెల్లు వ్రాయించుకొనవలయును. చేతికి చేయిగా ఇచ్చినది కోర్టులో ఇచ్చినది కాదు. వడ్డీవ్యాపారమే వృత్తిగా గలవాడు లైసెన్సు పొందియుండవలయునని నిజాము కాలపు 1349 ఫసలీ చట్టము తెలంగాణ ప్రాంతమున విధించినది. కట్టుటకు శక్తి లేనంతమాత్రమున ఋణగ్రస్తుని చెఱసాలకు పంపరాదని 1980లో సుప్రీంకోర్టు జాలీ జార్జి వర్గీసు వ్యాజ్యమున చెప్పినది. సొమ్ము డిక్రీ అమలులో స్త్రీని నిర్బంధించుటకు సివిలు ప్రొసీజరు కోడు 56వ సెక్షను ఒప్పుకొనదు. బ్యాంకుల తరఫున వసూలునకు వచ్చువారు ఉదయము 8 గంటలకు ముందును, సాయంకాలము 7 గంటల తరువాతను ఫోను చేయరాదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశించినది. ఈ మాటలు ఋణమును ఎగవేయుటకు కావు. భయము తొలగినవాడే లెక్కను నిదానముగా చూడగలడు.

లెక్కపుస్తకము ఎట్లుండవలయునని కొందఱు అడుగుదురు. పూర్వపు కోమటి దుకాణములలోని చిట్టా, ఆవర్జాల వంటివి రెండు చాలును. చిట్టాలో దినదినపు ఖర్చు ఎవరు చేసిన దానిని వారు వ్రాయవలయును. ఆవర్జాలో నొక్కొక్క బాకీకి నొక్కొక్క పుట. ఆదివారము రాత్రి ఇద్దఱును కూర్చుండి కూడవలయును. భార్యయే కూడుట మంచిది. తాను కూడిన మొత్తమును మనుష్యుడు మఱువడు. మొదటి నెల యీ కూర్చుండుట కలహముతో ముగియవచ్చును. దాచిన చిన్న యప్పులు, తమ్మునికి పంపిన సొమ్ము, పుట్టింటివారికి ఇచ్చిన చీర, అన్నియు అప్పుడే బయటపడును. మూడవ నెలకు సాధారణముగా కలహము తగ్గి, అంకెలు మిగులును.

చివరి వాయిదా కట్టు దినమున తొందరపడి యింటికి రారాదు. ప్రోనోటును తిరిగి తీసికొని, "పూర్తిగా చెల్లినది" అని దాత చేత వ్రాయించి, దాత యెదుటనే అడ్డముగా చింపవలయును. నగలను విడిపించుటకు భార్య స్వయముగా పోయి, తాకట్టునాటి చీటీతో తూకము సరిచూచుకొనవలయును. కార్డు బాకీ తీరినదని బ్యాంకునుండి కాగితము తెచ్చుకొని ఖాతాను మూయించుట మేలు. ఇంటిఋణము గలవారికి మఱియొక సంగతి: ఋణము పూర్తిగా తీరిన 30 దినములలో దస్తావేజులను తిరిగి యీయవలయుననియు, తమ లోపమువలన ఆలస్యమైనచో దినమునకు 5,000 రూపాయల చొప్పున పరిహారము చెల్లింపవలయుననియు 2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఉత్తరు విచ్చినది, అది యా సంవత్సరము డిసెంబరు 1 నుండి అమలునకు వచ్చినది. ఇవి యన్నియు ముగిసిన పిదప ఆవర్జాలో నొక పుట మిగిలియుండును. అది భార్య పేర తెఱచిన ఖాతా. నగలు ఆమె చేతికి వచ్చిన తేదీని వ్రాసి, ఆ పుట క్రింద ఆమె చెల్లు వ్రాయవలయును.